కారు రేసు ట్రాక్ ఎక్కి వచ్చిందా? బ్రేకులు చూపించండి!

వంటల పేజీల మధ్య కారు గొడవేమిటని విసుక్కోకండి. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో కారుంది. మనలో నడిపేవాళ్ళూ ఉన్నారు. నడపకపోయినా పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని అందులో కూర్చునేది మనమే కదా! అందుకే ఈ వారం బ్రేకుల గురించి నాలుగు ముక్కలు.

ఈ మధ్య కుర్రాళ్ళకి సొంత కారుని రేసు ట్రాక్ మీద నడపాలనే సరదా పట్టుకుంది. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో 1990లో మొదలైన ట్రాక్ ఉంది. చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కరెంటు కార్ల పందెం జరిగాక మా ఇంట్లో పిల్లలకి ఆ పిచ్చి ఇంకా ముదిరింది. నడిరోడ్డు మీద పందేలు వేసుకోవడం కంటే హెల్మెట్ పెట్టుకుని ట్రాక్ మీద నడపడం ఎంతో నయం. అయితే వచ్చాక కారు సంగతి చూడాలి.

బ్రేకు నొక్కితే కారు వేగమంతా వేడిగా మారుతుంది. 50 మీద పోయే కారుని ఆపేటప్పటి కంటే 100 మీద పోయేదాన్ని ఆపితే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు. ట్రాక్ మీద ప్రతి మలుపు దగ్గరా అలాగే నొక్కుతారు. పెనం చల్లారకుండానే మళ్ళీ మంట పెద్దది చేసినట్టే. ఇంటి కారు బ్రేకులు అంత సెగకి చేసినవి కావు.

ఇక బ్రేక్ ఆయిల్. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లినట్టు ఈ ఆయిల్ కూడా గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడు పెడల్ మెత్తగా కిందికి పోతుంది గానీ కారు ఆగదు. అందుకే మామూలు వాడకంలో కూడా రెండేళ్ళకోసారి మార్పించమంటారు.

మాది నెల్లూరు. కిందటేడు మా తోడికోడలి కొడుకు ఒక ఆదివారం ఆ ట్రాక్‌కి వెళ్ళొచ్చాడు. గురువారం అదే కారులో మా ఆడపడుచు మనవడి పుట్టు వెంట్రుకలకి తిరుమల ప్రయాణం. సోమవారం కూరగాయలకని కారు తీసిన మా తోడికోడలు వచ్చి, "అక్కా, బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోంది, పెడల్ కూడా లోపలికి పోతోంది" అంది. దగ్గర్లో ఉన్న మెకానిక్ ఒక రౌండు తిప్పి, చక్రాల మీద నీళ్ళు కొట్టి, "ఏం లేదమ్మా, తీసుకెళ్ళండి" అన్నాడు. ఆమె ఊరుకోలేదు. ఇంకో షెడ్డుకి తీసుకెళ్ళి నాలుగు చక్రాలూ విప్పించింది. ముందు ప్యాడ్లు అరిగి రేకు మందాన మిగిలాయి. ఆయిల్ కాఫీ డికాషన్‌లా ఉంది. ఒక చక్రానికి రెండు నట్లు వదులు!

వాడేమో, "ఇంటిదాకా బాగానే వచ్చింది కదా పెద్దమ్మా" అన్నాడు. "హైవే మీద బ్రేకుకి పనేం ఉందిరా? తిరుమల నుంచి దిగేటప్పుడు మలుపు మలుపుకీ నొక్కాలి. కారులో ఏడాది పసివాడు ఉంటాడు" అన్నాను. వాడు మాట్లాడలేదు. ప్యాడ్లకీ ఆయిల్‌కీ అయిన 6 వేల చిల్లరా తన జీతంలోంచే ఇచ్చాడు. గురువారం నిశ్చింతగా వెళ్ళొచ్చాం.

ఈ గుర్తులు తెలుసుకుని ఉండండి:

* బ్రేకు వేసినప్పుడే స్టీరింగ్ వణికితే డిస్కు మీద అనుమానం. ప్యాడ్ల మసి డిస్కుకి అక్కడక్కడా అంటుకున్నా ఇలాగే అవుతుంది.
* బ్రేకు వేయకపోయినా 80, 100 మీద వణికితే చక్రం సంగతి. టైరుకి కరిగిన రబ్బరు ముద్దలు అంటుకుని ఉండొచ్చు, రిమ్ము వంగి ఉండొచ్చు. బ్యాలెన్సింగ్ చూపించాలి.
* తిన్నని రోడ్డు మీద కారు ఒక పక్కకి లాగితే అలైన్‌మెంట్ చూపించాలి. బ్రేకు వేసినప్పుడు మాత్రమే లాగితే బ్రేకునే విప్పి చూడాలి.
* వేగంతో పాటు గుయ్యిమనే మోత పెరిగితే బేరింగ్ అయి ఉండొచ్చు.
* కీచుమన్నా, గరగరమన్నా ప్యాడ్లు అయిపోవచ్చాయేమో చూపించండి.
* పెడల్ మెత్తబడితే ఇక ఆ కారు తీయనే వద్దు. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

ట్రాక్‌కి వెళ్ళే పిల్లలకి ఇవి చెప్పండి. చివరి చుట్టు నెమ్మదిగా నడిపి బ్రేకులు చల్లారనివ్వాలి. ఆపగానే హ్యాండ్ బ్రేకు లాగకుండా, గేరులో ఉంచి చక్రం కింద చెక్క పెట్టాలి. కాలే డిస్కు మీద నీళ్ళు పోయకూడదు. కాలిన పెనం మీద చన్నీళ్ళు పోస్తే ఏమవుతుందో మనకి తెలీదా? చల్లారాక నట్లు కారు పుస్తకంలో రాసినంత బిగువుకి టార్క్ రెంచితో బిగించాలి. బలం కొద్దీ బిగిస్తే మర చెడిపోతుంది.

ఎవరు నడిపినా సరే, ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేరులో దిగాలి. కాలు బ్రేకు మీదే ఉంచి దిగితే ట్రాక్ ఎక్కని కారుకైనా బ్రేకులు మరిగిపోతాయి.

గ్యాస్ వాసన వస్తే ఇంట్లో వాళ్ళు ఎవరేమన్నా స్టవ్ వెలిగించం కదా. కారు విషయంలోనూ అంతే. తేడా అనిపిస్తే "చక్రాలు విప్పి చూపించు" అని గట్టిగా అడగండి. డబ్బిచ్చేది మనమే, ఎక్కేదీ మనమే.