రాజ్యం తగ్గితే ఎవరి రాజ్యం పెరుగుద్ది?

కులం మీద యుద్ధం చేస్తానని చెప్పి ఒకాయన ఎన్నికల్లో గెలిచాడు. మన దేశంలో కాదులెండి. దక్షిణ అమెరికాలో అర్జెంటీనా అనే దేశంలో. ఆయన పేరు హావియెర్ మిలే. 2023 నవంబరు 19న 55 శాతం పైన ఓట్లతో అధ్యక్షుడిగా గెలిచాడు. ప్రచారంలో మోటారు రంపం చేతబట్టి తిప్పాడు. 'కాస్తా'ను కోసేస్తానన్నాడు. స్పానిష్‌లో కాస్తా అంటే కులం. ఇంగ్లీషోళ్లు మన కులానికి పెట్టిన 'క్యాస్ట్' అనే పేరు కూడా పోర్చుగీసుల నోటి నుంచి వచ్చిన ఆ మాటే.

అయితే ఆయన కోస్తానన్న కులం, మనల్ని ఊరి బయట పెట్టిన కులం కాదు. రాజకీయ నాయకులు, ఆఫీసర్లు, సర్కారు సొమ్ముతో బతికే పెద్దలు - వీళ్లంతా ఒక కులమై జనాన్ని తింటున్నారన్నాడు. పేదోళ్లు కూడా చాలామంది నమ్మి ఓటేశారు. ఎందుకు నమ్మరు? 2023 ఒక్క ఏడాదిలో అక్కడ ధరలు 211 శాతం పెరిగాయి. పొద్దున సంపాదించింది సాయంత్రానికి చెల్లని కాగితమయ్యే చోట, ఈ ప్రభుత్వాన్ని నరికేస్తానన్నవాడే దేవుడిలా కనపడతాడు.

అన్నలారా, అక్కలారా, నిజం చెప్పాలంటే ఆయన మాటలు నాక్కూడా ఒక క్షణం తియ్యగా వినపడ్డాయి. మనకు రాజ్యం అంటే ఏంది? ముందు కనపడేది లాఠీ. 1991 ఆగస్టు 6న చుండూరులో మనోళ్లను తరిమి నరికినప్పుడు పోలీసులు ఊళ్లోనే ఉన్నారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు వాళ్లందర్నీ వదిలేసింది. ఇలాంటి రాజ్యం తగ్గిపోతే మనకేంటి నష్టం అని ఎవరన్నా కుర్రోడు అడిగితే కోప్పడొద్దు. అది న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం అర్జెంటీనాలో ఏం కోశారో, ఏం కోయలేదో చూసి చెప్పాలి.

మిలే తమను లిబర్టేరియన్లు, అంటే స్వేచ్ఛావాదులు, అని చెప్పుకునే గుంపు మనిషి. వాళ్ల గురువుల్లో ఒకడు అమెరికా ఆర్థికవేత్త మర్రే రోత్‌బార్డ్. మిలే తన పెంపుడు కుక్కల్లో ఒకదానికి ఆయన పేరే పెట్టుకున్నాడు. మెల్లమెల్లగా సంస్కరణ అనే మాటే రోత్‌బార్డ్‌కి గిట్టదు. రాజ్యాన్ని మాయం చేసే మీట ఒకటుంటే వెంటనే నొక్కేవాడే అసలైన స్వేచ్ఛావాది అన్నది ఆయన బోధ.

శిష్యుడు అట్లాగే చేశాడు. డిసెంబరు 10న గద్దెనెక్కాడు. అదే రోజు 18 మంత్రిత్వ శాఖల్ని 9కి దించాడు. విద్యాశాఖ, కార్మికశాఖ, సాంఘికాభివృద్ధి శాఖ పోయి అన్నీ కలిసి 'మానవ పెట్టుబడి' శాఖ అయ్యాయి. మహిళల శాఖ కూడా పోయింది. రెండు మూడు రోజుల్లో, డాలరుకు 360 పైచిలుకు ఉన్న పెసో విలువను 800కు పడేశాడు. డిసెంబరు 20న 366 అంశాలతో ఒక్క డిక్రీ తెచ్చాడు. అద్దె ఇళ్ల చట్టం రద్దు, కార్మిక చట్టాల్లో మార్పులు (వీటిని కోర్టులు ఆపాయి), ఇంకా ఎన్నో. వారం తిరక్కుండా 664 అంశాల బిల్లు పార్లమెంటు మీద పడేశాడు.

దిగువ సభలో 257 మంది ఉంటే ఆయన సొంత మనుషులు నలభై మంది కూడా లేరు. ఎగువ సభలో 72కి ఏడుగురు. అయినా ఆ బిల్లు ఒకసారి ఓడి, సన్నబడి, 2024 జూన్‌లో చట్టమైంది. ఇందులో కిటుకేంది? ఒకటి, వేగం. రెండు, అన్ని వైపులా ఒకేసారి కొట్టడం. అద్దె కోసం కొట్లాడాల్నా, ఉద్యోగం కోసమా, పింఛను కోసమా తేల్చుకునేలోపే పని అయిపోతుంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం. కట్టడానికి ముప్పై ఏళ్లు పట్టిన దాన్ని కూల్చడానికి ఒక్క సంతకం చాలు. తర్వాత వచ్చినోడు తిరిగి కట్టాలంటే మళ్లీ ముప్పై ఏళ్లు.

ఇప్పుడు కోత ఎవరి మీద పడిందో చూద్దాం. పేదల వాడల్లో ఉచితంగా అన్నం పెట్టే వంటశాలలకు సర్కారు సరుకు ఆగింది. 2024 మేలో బయటపడింది ఏంటంటే, దాదాపు 5,000 టన్నుల ఆహారం గోడౌన్లలో మూలుగుతోంది. అందులో గడువు తీరబోతున్న పాలపొడి కూడా ఉంది. పంచమని కోర్టు చెప్పాల్సి వచ్చింది. వివక్షకు, జాత్యహంకారానికి వ్యతిరేకంగా 1995లో పెట్టిన జాతీయ సంస్థను 2024లో మూసేశారు. ఆదివాసుల్ని భూముల నుంచి వెళ్లగొట్టకుండా ఆపుతూ 2006 నుంచి ఉన్న చట్టాన్ని 2024 డిసెంబరులో డిక్రీతో తీసేశారు. ఫీజులేని సర్కారు యూనివర్సిటీలకు నిధులు ఎండగట్టారు. 2024 ఏప్రిల్ 23న లక్షల మంది రోడ్డెక్కారు.

మరి కోయనిది ఏంది? రోడ్డు మీద ధర్నా చేసేవాళ్లను చెదరగొట్టే పోలీసు నిబంధనలు గద్దెనెక్కిన నెలలోనే వచ్చాయి. 2024 ఏప్రిల్‌లో డెన్మార్క్ నుంచి 24 ఎఫ్-16 యుద్ధ విమానాలు కొన్నారు. జూలైలో గూఢచారి సంస్థకు 10,000 కోట్ల పెసోలు అదనంగా ఇస్తూ డిక్రీ తీశారు. దాన్ని పార్లమెంటే కొట్టేసింది. చూశారా? రాజ్యం తగ్గలేదు. రాజ్యం చేతిలోని గరిటె పోయింది, పలక పోయింది. లాఠీ మాత్రం అట్లాగే ఉంది.

ఒక్క వైపే చెబితే మీరు నన్ను నమ్మరు. ధరల పెరుగుదల తగ్గింది. 2024లో 118 శాతానికి దిగింది, తర్వాత ఇంకా దిగింది. పేదరికం 2024 మొదటి ఆరు నెలల్లో 53 శాతానికి ఎగబాకి, 2025 మొదటి ఆరు నెలలకు 32 శాతం దాకా దిగిందని ప్రభుత్వ లెక్క. 2025 అక్టోబరు మధ్యంతర ఎన్నికల్లో ఆ పార్టీ 40 శాతం పైన ఓట్లతో గెలిచింది కూడా. కాబట్టి పిచ్చోడని నవ్వి వదిలేయడానికి లేదు. ఆ రంపం ఒక దేశంలో ఆగదు. 2025 ఫిబ్రవరిలో అమెరికాలో ఒక సభలో మిలే ఆ రంపాన్ని కోటీశ్వరుడు ఎలాన్ మస్క్ చేతికిచ్చాడు.

మా నాన్న పాలేరు. నేను ఆరో తరగతి నుంచి సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదివాను. పప్పులో పప్పుండేది కాదు. వార్డెను బియ్యం అమ్ముకునేవాడు. ఆ సంగతి పిల్లలందరికీ తెలుసు. దొంగల కొంప గదా, మూసేయండి అని అప్పుడెవరన్నా రంపం తెచ్చుంటే ఎవరికి పోయేది? ఆసామి కొడుక్కి పోయేది కాదు. నేను మాత్రం గొడ్లచావిట్లో తేలేవాణ్ణి. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాసేవాణ్ణి కాదు. వార్డెను దొంగైతే వార్డెన్ని మార్చాలిగానీ, పొయ్యి ఆర్పుతామా?

స్వేచ్ఛావాదులు ఒక్క ప్రశ్న అడగరు. రాజ్యం ఖాళీ చేసిన చోట ఎవరు కూర్చుంటారు? మన ఊళ్లలో ఖాళీ జాగా ఉండదు. సర్కారు లేచిన మరుక్షణం ఆసామి కూర్చుంటాడు. 1964లో నల్లవాళ్లకు హోటళ్ల తలుపులు తెరిచిన పౌరహక్కుల చట్టానికి అమెరికా సెనేటర్ బ్యారీ గోల్డ్‌వాటర్ వ్యతిరేకంగా ఓటేశాడు. హోటలు సొంతదారుడి మీద ప్రభుత్వ పెత్తనమేంటన్నాడు. అదే సూత్రం ఇక్కడ పెడితే రెండు గ్లాసుల టీకొట్టు కూడా సొంతదారుడి స్వేచ్ఛే అవుద్ది! మన రాజ్యాంగం 15(2)లో దుకాణం, హోటలు, బావి, చెరువు అని పేరుపేరునా రాసింది అందుకే. 17వ అధికరణం అంటరానితనాన్ని సర్కారోడు పాటించినా నేరమే, సొంతదారుడు పాటించినా నేరమే అన్నది అందుకే.

బాబాసాహెబ్ 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో ఈ వాదానికి ముందే జవాబు చెప్పాడు. ప్రభుత్వం తప్పుకుంటే ఆ స్వేచ్ఛ దక్కేది భూస్వామికీ, ఫ్యాక్టరీ యజమానికీ అని తేల్చాడు. భూమి, కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలో ఉండాలన్నాడు. ఆ సంగతి మామూలు చట్టంలో కాదు, రాజ్యాంగంలోనే రాయాలన్నాడు. ఎందుకు? మారే మెజారిటీలు చట్టాన్ని మారుస్తాయి గనక. ఒక్క సంతకంతో శాఖలకు శాఖలు ఎట్లా లేచిపోతాయో అర్జెంటీనా ఇప్పుడు చూపించింది.

మరి మనమేం చేయాలి? మొదటిది, రాజ్యాన్ని గంపగుత్తగా వెనకేసుకు రావొద్దు. లాఠీని తగ్గించమని మనమే అడగాలి. హాస్టలు, బడి, రేషను, ఆసుపత్రి, రిజర్వేషను ఉన్న ఉద్యోగం - వీటి మీద చెయ్యి పడితే కదలాలి. ప్రభుత్వ సంస్థను అమ్మితే పోయేది గోడలు కాదు, అందులో మన పిల్లల రోస్టర్ పాయింటు.

రెండోది, శత్రువు దగ్గరున్నా సరే, విద్య నేర్చుకోవాలి. ఆ డిక్రీ పది రోజుల్లో పుట్టింది కాదు. ఫెదెరికో స్టుర్జెనెగర్ అనే ఆర్థికవేత్త ఎన్నికలకు ముందే, అదీ వేరే అభ్యర్థి కోసం, ఏ చట్టంలో ఏ సెక్షను కొట్టేయాలో ముసాయిదాలు రాయించి పెట్టుకున్నాడు. మనం రాజ్యాధికారం కావాలని గోడల మీద రాస్తాం. గెలిచిన మొదటి పది రోజుల్లో ఏ కాగితం మీద సంతకం పెట్టాలో మాత్రం రాసుకోం. ఈ పక్షం నుంచే మొదలుపెడదాం. మీ మండలంలో మూతబడ్డ హాస్టలు ఏది, టీచరు లేని బడి ఏది, పట్టా ఉండి స్వాధీనం లేని భూమి ఎన్నెకరాలు, 2013లో చట్టం చేయించుకున్న సబ్‌ప్లాన్ నిధులు ఎటు పోయాయి - ఒక నోటుబుక్కులో ఎక్కించండి.

వాళ్లు కోయడానికి జాబితా రాసుకున్నారు. మనం కట్టడానికి రాసుకుందాం.

జై భీం!