కొండెక్కినా నెలసరి ఆగదు

ఈ మధ్య మా నాగారంలో పక్కింటి అమ్మాయి ఒక కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీ నుంచి హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కు తీసుకెళ్తున్నారట. ఆ కాగితంలో వెంట తెచ్చుకోవలసిన వస్తువుల జాబితా ఉంది. బూట్లు ఎలాంటివి ఉండాలి, మేజోళ్లు ఎన్ని జతలు, టార్చిలైటుకు ఎన్ని బ్యాటరీలు, అన్నీ లెక్కపెట్టి రాశారు. చిట్టచివర ఒక్క వాక్యం: "ఆడపిల్లలు తమ వ్యక్తిగత వస్తువులు తామే తెచ్చుకోవాలి."

"ఆంటీ, దీనికర్థం ఏంటి? ఎన్ని తీసుకెళ్లాలి? వాడినవి అక్కడ ఎక్కడ పారెయ్యాలి? సార్‌ను అడిగితే నవ్వుతాడేమో" అంది. వాళ్లమ్మ అప్పటికే పరిష్కారం ఆలోచించి పెట్టింది. మందుల షాపులో మాత్రలు దొరుకుతాయి, ముందు నుంచి వేసుకుంటే నెల రాదు. లేదూ, అసలు వెళ్లడం మానుకుంటే ఏ గొడవా లేదు.

ఈ రెండు పరిష్కారాలూ నాకు కొత్తవి కావు. 2022 జూన్‌లో నేను హిమాచల్ ప్రదేశ్‌లోని హంప్టా కనుమ దాటడానికి వెళ్లినప్పుడు రెండూ కళ్లారా చూశాను. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

మా బృందంలో పద్దెనిమిది మందిమి. అందులో ఆడవాళ్లం ఆరుగురం. బాలూ కా ఘేరా అనే చోట రెండో రోజు రాత్రి గుడారాలు వేశారు. అది దాదాపు పన్నెండు వేల అడుగుల ఎత్తు. అక్కడ చెట్లుండవు. రాళ్లు, గడ్డి, వాగు, చుట్టూ మంచు. మరుగు కావాలంటే బండరాయి వెనక్కి పోవాలి, ఆ బండ వెనక అప్పటికే ఇంకొకరు ఉంటారు. గొయ్యి తవ్వి చుట్టూ గుడ్డ కట్టిన మరుగుదొడ్లు రెండే. లోపల నీళ్లుండవు. ఆ రాత్రి నాకు వారం ముందే నెల వచ్చింది. ప్రయాణం, చలి, శ్రమ కలిస్తే లెక్క తప్పడం మామూలేనని తర్వాత తెలిసింది. చీకట్లో, టార్చి నోట కరుచుకొని, వేళ్లు కొంకర్లు పోతుంటే గ్లవుజులు తీసి ప్యాడు మార్చుకోవడం ఎంత కష్టమో అనుభవించాను. చలికి ప్యాడు జిగురు అంటుకోలేదు. తడి టిష్యూల ప్యాకెట్టు రాయిలా గడ్డకట్టింది. వాడిన ప్యాడును ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

అది నా కష్టం. అసలు చెప్పవలసింది మిగతా ఇద్దరి సంగతి. ఒకామె బ్యాంకు ఉద్యోగి. మరుగు లేని చోట పదే పదే ఆగమని మగవాళ్లను అడగలేక పొద్దుటి నుంచే నీళ్లు మానేసింది. సాయంత్రానికి తలపోటు, వికారం. ఎత్తు పడక వచ్చే జబ్బు కూడా సరిగ్గా ఇలాగే మొదలవుతుంది. ఏది దేనివల్లో తేల్చుకోలేక మర్నాడు పొద్దున్నే ఆమెను కిందికి పంపేశారు. గైడు చేసింది సబబే. కానీ నీళ్లు తాగలేదన్న సంగతి ఆమె గైడుకు చెప్పలేదు. హైదరాబాద్ వచ్చాక ఫోన్లో నాకు చెప్పింది. రెండో అమ్మాయి బోడుప్పల్ నుంచి వచ్చింది. నెల ఆపుకునే మాత్రలు వేసుకుంటోంది. ఆమెకూ వాంతులయ్యాయి. మాత్రల వల్లా, ఎత్తు వల్లా? ఆరోగ్యం గురించి నింపిన ఫారంలో 'ఏమైనా మందులు వాడుతున్నారా' అన్న చోట ఆ పిల్ల 'లేదు' అని రాసింది. గైడు ఇరవై రెండేళ్ల కుర్రవాడు. అతనికి ఎలా తెలుస్తుంది?

సిగ్గు అంటే మనసుకు సంబంధించిన విషయమనుకుంటాం. పద్నాలుగు వేల అడుగుల ఎత్తులో అది ప్రాణానికి సంబంధించిన విషయమవుతుంది.

అక్కడ గాలిలో మనకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే అరవై శాతం దాకా ఉంటుంది. వేగంగా ఊపిరి తీయడం వల్ల ఒంట్లో నీరు ఎక్కువ పోతుంది. ఎత్తుకు అలవాటు పడే క్రమంలో శరీరం మూత్రం కూడా ఎక్కువ విడుస్తుంది. ఎత్తు జబ్బు రాకుండా చాలామంది వేసుకునే డయామాక్స్ మాత్రకు మూత్రాన్ని పెంచే గుణం ఉంది. అంటే కొండ మీద ఎక్కువ తాగాలి, ఎక్కువసార్లు వెళ్లాలి. మరుగు లేనందువల్ల ఆడది తక్కువ తాగుతుంది, పట్టి ఆపుకుంటుంది. ఫలితం మూత్రంలో మంట, జ్వరం, తలపోటు. రోడ్డుకు మూడు రోజుల దూరంలో ఇవి చిన్న జబ్బులు కావు.

ఈ నీళ్లు మానుకునే విద్య మనకు కొండలు నేర్పింది కాదు. ఉప్పల్ రింగు రోడ్డులో వరంగల్ బస్సు కోసం నిలబడ్డ ఏ ఆడమనిషినైనా అడగండి. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టులు చేసే ఆడవాళ్లను అడగండి. స్త్రీ పురుషులకు విడివిడిగా మరుగుదొడ్లుండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. అయినా మరుగుదొడ్డి దూరం, సూపర్‌వైజరు చూపు లెక్కపెట్టుకొని నీళ్లు తాగే అలవాటు మనకు పోలేదు. ఆ అలవాటునే మూట కట్టుకొని హిమాలయాలకు వెళ్తున్నాం.

రక్తహీనత సంగతి కూడా చెప్పుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబినే. గాలిలోనూ తక్కువ, రక్తంలోనూ తక్కువ అయితే ఆ మనిషి ఎంతదూరం నడుస్తుంది? ఎక్కువ రక్తస్రావం అయ్యే వాళ్ల సంగతి ఇంకా కష్టం. వెళ్లే ముందు గుండె చూస్తారు, బి.పి. చూస్తారు. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోమని గట్టిగా చెప్పేవాళ్లు తక్కువ. మూడు నెలల ముందు తెలిస్తే మందులతో, తిండితో సరిచేసుకోవచ్చు.

ఇక మాత్రలు. నెల వాయిదా వేయడానికి మామూలుగా ఇచ్చేది నోరెథిస్టెరాన్. నెల రావలసిన రోజుకు మూడు రోజుల ముందు మొదలుపెట్టి రోజూ వేసుకుంటారు, ఆపిన రెండు మూడు రోజులకు నెల వస్తుంది. పెళ్లిళ్లకు, వ్రతాలకు, తీర్థయాత్రలకు మన ఇళ్లలో తరతరాలుగా ఆడపిల్లలకు మింగిస్తున్న మాత్ర ఇదే. ఇది విషం కాదు, కావాలనుకున్న స్త్రీ వేసుకోవచ్చు. అయితే రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్లకు, కాలేయం సరిగ్గా లేనివాళ్లకు ఇది పనికిరాదు. ఎత్తులో రక్తం చిక్కబడుతుంది, దానికి నీళ్లు తాగకపోవడం తోడవుతుంది. కాబట్టి డాక్టరును అడగకుండా, షాపువాడు ఇచ్చాడని మింగవలసిన మాత్ర కాదు. మొదటిసారి వేసుకుంటే అది ఒంటికి పడుతుందో లేదో ఇంటి దగ్గరే తెలుసుకోవాలి. నా అభ్యంతరం మాత్ర మీద కాదు. మరుగుదొడ్డి కట్టడం ఖర్చు, మాత్ర చవక. అందుకే ఏర్పాటు మార్చకుండా ఆడదాని ఒంటినే మార్చమంటున్నారు. నా అభ్యంతరం దాని మీద.

'బహిష్టు' అన్న మాటలోనే 'బయట' ఉంది. ఆ రోజుల్లో మనల్ని బయట కూర్చోబెట్టారు. ఇప్పుడు మనమే బయటికి, కొండల్లోకి వెళ్తామంటే అవే రోజులు కారణంగా చూపి ఇంట్లో కూర్చోమంటున్నారు. బయట ఉండమన్నవాళ్లే బయటికి వెళ్లొద్దంటే ఏమనాలి?

ఈ మాట మనదేశంలోనే పుట్టలేదు. అర్లీన్ బ్లమ్ అనే అమెరికా పర్వతారోహకురాలు డెనాలి శిఖరానికి వెళ్లాలనుకుంటే ఆడవాళ్లు బేస్ క్యాంపు దాకా వచ్చి వంటకు సాయం చేయవచ్చన్నారు. 1970లో ఆరుగురు స్త్రీలే ఒక జట్టుగా ఆ శిఖరం ఎక్కి చూపించారు. 1967లో అమెరికాలోని గ్లేసియర్ నేషనల్ పార్కులో ఇద్దరు యువతులను ఎలుగుబంట్లు చంపాయి. ఆ తర్వాత బహిష్టు రక్తం వాసనకు ఎలుగులు వస్తాయని ఏళ్ల తరబడి ప్రచారం జరిగింది. తర్వాత నల్ల ఎలుగుల మీద చేసిన పరిశీలనల్లో అవి ఆ వాసనను పట్టించుకోలేదు. మన దగ్గర కేరళలోని అగస్త్యకూడం కొండకు ఆడవాళ్లను రానివ్వకపోతే కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. 2018 నవంబరులో హైకోర్టు అనుమతించింది. 2019 జనవరిలో ధన్యా సనల్ ఆ కొండ ఎక్కింది. కులూ ప్రాంతపు ఊళ్లలో ఆ రోజుల్లో ఆడవాళ్లను పశువుల కొట్టంలో ఉంచే ఆచారం ఉంది. నేపాల్‌లో ఇలాంటి ఛౌపడిని 2017లో చట్టం చేసి నేరంగా ప్రకటించవలసి వచ్చింది. మనం సరదాగా నడిచి వచ్చే ఆ లోయల్లోనే ఈ ఆడవాళ్లున్నారు. వాళ్ల మాట మరిచిపోయి మన సౌకర్యాలు మాత్రమే అడిగితే అది హక్కుల మాట అనిపించుకోదు.

మన ఆడపిల్లలకు ఇదంతా ఎందుకనేవాళ్లకు ఒక్క పేరు చెప్తాను. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన గిరిజన బాలిక మలావత్ పూర్ణ. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. మొదటి పాఠాలు మాకు గంట ప్రయాణంలో ఉన్న భువనగిరి బండ మీదే నేర్చుకుంది. 2014 మే 25న, పద్నాలుగేళ్లయినా నిండకుండా, టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. ఆమెతో పాటు అప్పటి ఖమ్మం జిల్లా విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. నేను హంప్టాలో అవస్థపడిన 2022 జూన్‌లోనే పూర్ణ డెనాలి ఎక్కి ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసింది. ఆమె తర్వాత ఎందరో పేదింటి పిల్లలు భువనగిరి బండ కింద తాడు పట్టుకొని వరసలో నిలబడ్డారు. పతకాల ఫోటోలు చూసి మనం చప్పట్లు కొడతాం. ఆ వరసలోని పిల్ల పెద్దమనిషి అయితే ఆమెతో మాట్లాడే ఆడ శిక్షకురాలు ఉందా అని కూడా మనం అడగాలి కదా!

తెలుసుకోవలసినవి అంత కష్టమైనవేమీ కావు. తేదీ కాకపోయినా సరంజామా వెంట ఉండాలి. ప్యాడ్లనూ తడి టిష్యూలనూ పగలు జాకెట్టు లోపలి జేబులో, రాత్రి పడుకునే సంచిలో పెట్టుకుంటే గడ్డకట్టవు. వాడిన ప్యాడును కాగితంలో చుట్టి, గట్టిగా మూసే నల్ల కవరులో వేసి కిందికి తెచ్చుకోవాలి. పాతిపెట్టకూడదు, కాల్చకూడదు. ప్యాడులో ఉన్నది చాలావరకు ప్లాస్టిక్, ఆ చలిలో ఏదీ త్వరగా కుళ్లదు, జంతువులు తవ్వి పైకి లాగుతాయి. గుడ్డ వాడేవాళ్లు అక్కడ ఉతికి ఆరేసుకోలేరు. తడిగుడ్డ కట్టుకుంటే జబ్బు వస్తుంది. కప్పు వాడితే పన్నెండు గంటల దాకా నిశ్చింత, చెత్త ఉండదు. అయితే రెండు మూడు నెలల ముందే ఇంట్లో అలవాటు చేసుకోవాలి. దాన్ని కాచి చల్లార్చిన నీళ్లతోనే కడగాలి. అంత ఎత్తులో నీళ్లు 86 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి మూడు నిమిషాలు మరగనివ్వాలి. కప్పులోది వాగుకు రెండు వందల అడుగుల దూరంలో, జానెడు లోతు గొయ్యిలో పొయ్యాలి. ఏం చేసినా ముందూ వెనకా చేతులు శుభ్రం చేసుకోవాలి. లోదుస్తులు తడిస్తే వెంటనే మార్చుకోవాలి. దాహం మాత్రం చంపుకోవద్దు.

1990ల మొదట్లో హైదరాబాద్ ఆడవాళ్లు కూర్చొని 'సవాలక్ష సందేహాలు' అనే ఆరోగ్య పుస్తకం తెచ్చారు. మన ఒంటి గురించి మనమే తెలుసుకోవాలన్నది దాని పట్టుదల. ఆ పట్టుదలకు కొనసాగింపుగానే నేను కొన్ని కోరికలు ముందు పెడుతున్నాను. ట్రెక్కింగ్‌కు తీసుకెళ్లే సంస్థలు, కాలేజీలు, గురుకులాలు వీటిని దయగా కాకుండా బాధ్యతగా చూడాలి. ఆడవాళ్లున్న ప్రతి బృందంలో ఆడ గైడు ఉండాలి. ఆడవాళ్లకు విడిగా మరుగుదొడ్డి గుడారం, అందులో వెచ్చని నీళ్లు, మూతున్న డబ్బా ఉండాలి. ఆ చెత్తను బృందం చెత్తగానే కిందికి మోసుకురావాలి. రెండు గంటలకొకసారి అందరికీ కలిపి ఆగే సమయం ఇవ్వాలి. అప్పుడు ఎవరూ చెయ్యెత్తి అడగనక్కర్లేదు. ప్రథమ చికిత్స పెట్టెలో కట్టుగుడ్డ పక్కనే ప్యాడ్లు ఉండాలి. మొదటి రోజు సాయంత్రం ఎత్తు జబ్బు గురించి చెప్పేటప్పుడే ఇవన్నీ మగవాళ్ల ముందే చెప్పాలి. ఆడవాళ్లను పక్కకు పిలిచి గుసగుసలాడితే సిగ్గు ఇంకా పెరుగుతుంది.

ఖర్చు పెరుగుతుందంటారు. ఒక గుడారం, ఒక డబ్బా, కాసిని వెచ్చని నీళ్లు. వంటగుడారానికి ఎవరూ ఖర్చు అనరు, ఎందుకంటే ఆకలి అందరిదీ.

పక్కింటి అమ్మాయి, నేను కలిసి ఆ కాగితంలోని చివరి వాక్యం కొట్టేశాం. దాని స్థానంలో పై కోరికలన్నీ వరసగా రాశాం. వాళ్లమ్మ పక్కనే కూర్చొని అంతా విని, "హిమోగ్లోబిన్ పరీక్ష నాకూ చేయించుకోవాలి" అంది. కాగితం సార్‌కు ఇస్తానని తీసుకెళ్లింది పిల్ల. ఆయన నవ్వితే ఈ పత్రిక ఒక కాపీ ఆయనకు పంపిస్తాను.