చీటీ రాసి వెళ్ళిపోతే సరిపోతుందా?

రాయచూరు జిల్లా మాన్వి తాలూకాలో ఒక దళిత కేరి. వాడను ఇక్కడ కేరి అంటారు. పోయిన చలికాలం అక్కడి ప్రార్థన మందిరంలో వైద్య శిబిరం జరిగింది. విదేశీ విశ్వవిద్యాలయం ఒకదాని నుంచి వచ్చిన నర్సింగు, ఫిజియోథెరపీ విద్యార్థులు మూడు బల్లలు వేసుకొని కూర్చున్నారు. ఒకరు బరువు తూచారు, ఒకరు వేలికి సూది గుచ్చి షుగరు చూశారు, ఒకరు బీపీ చూశారు. మధ్యాహ్నానికి నూరు మందికి పైగా వచ్చారు. మంచి పిల్లలు. ఎండలో నిలబడ్డ ముసలివాళ్ళకు కుర్చీలు తెచ్చి వేసింది వాళ్ళే, మన సంఘ పెద్దలు కాదు.

రెండు నెలల తర్వాత అదే కేరికి వెళ్ళినప్పుడు ఒక అవ్వ రేకు డబ్బాలోంచి చీటీ తీసి చూపించింది. 190/110 అని అంకెలు, కింద డాక్టరును కలవమని ఇంగ్లీషులో ఒక వాక్యం. చదివి చెప్పేవాళ్ళు లేరు. అదేదో సర్టిఫికెట్ అనుకొని రేషన్ కార్డుతో పాటు దాచుకుంది. "వాళ్ళు మళ్ళీ వస్తారా అయ్యా?" అని అడిగింది.

190/110 అంటే ఏ రోజైనా పక్షవాతం రావచ్చు, గుండె దెబ్బతినవచ్చు. ఆ బీపీని అదుపులో పెట్టే మాత్ర ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డబ్బు లేకుండా ఇస్తారు. ఆ మాత్రకూ ఈ అవ్వకూ మధ్య ఉన్నది ఒక్క మనిషి చేయాల్సిన పని. ఆ పని ఎవరిదో శిబిరం పెట్టిన రోజు ఎవరూ అడగలేదు. పిల్లలు నేర్చుకోవలసింది నేర్చుకొని విమానం ఎక్కారు. శిబిరం ఫోటోలు మన సంఘం నోటీసు బోర్డుకు ఎక్కాయి.

జబ్బు ఉందని కనిపెట్టి, మందు దారి చూపకుండా వదిలేయడం సేవ కాదు. ఇది విదేశీ విద్యార్థుల మీద కోపంతో రాస్తున్న మాట కాదు. వాళ్ళు వచ్చేది మన పిలుపు మీదే. డిసెంబరు, జనవరి వస్తే చాలు, ఏదో ఒక బృందానికి బస, భోజనం, దుబాసీ చూసిపెట్టమని సంఘాలకు ఉత్తరాలు వస్తాయి. మనం సంతోషంగా ఒప్పుకుంటాం. ఒప్పుకునే ముందు ఏం అడగాలన్నదే ఇక్కడి ప్రశ్న.

కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న ఈ జిల్లాలో వైద్యం నేర్చుకోవడానికి రోగాలకు కొదవ లేదు. సింధనూరు వైపు కాలువ కింద వరి, దేవదుర్గ వైపు మెట్ట, రెండు చోట్లా రక్తహీనతతో నడుం వంచి పనిచేసే ఆడవాళ్ళు. 2022లో రాయచూరు పట్టణంలోనే కుళాయి నీళ్ళు కలుషితమై మనుషులు చనిపోయారు. 2018లో కేంద్రం వెనుకబడిన జిల్లాల జాబితా తయారుచేసినప్పుడు కర్ణాటక నుంచి రాయచూరు, యాదగిరి అందులో చేరాయి. మాకు ఎయిమ్స్ కావాలని ఇక్కడి జనం ఏళ్ళ తరబడి ధర్నాకు కూర్చున్నారు. అయితే ఆస్పత్రులే లేని చోటు కూడా కాదు. 2007లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల రిమ్స్ ఉంది, నవోదయ ఉంది. గద్వాల నుంచి కూడా రోగులు ఇక్కడికే వస్తారు. కాబట్టి ఏ బృందం వచ్చినా ఖాళీ మైదానంలోకి రావడం లేదు. ఉన్న వ్యవస్థతో కలిసి పనిచేస్తుందా, దాన్ని చూడనట్టు పక్కనుంచి పోతుందా అన్నదే తేడా.

పర్యవేక్షణ సంగతి చూద్దాం. తన దేశంలో పైవాళ్ళు పక్కన లేకుండా సూది పట్టనివ్వని రెండో సంవత్సరం విద్యార్థి, మాన్విలో ఎలా పడతాడు? మన దేశంలో విదేశీ డాక్టరు వైద్యం చేయాలన్నా తాత్కాలిక రిజిస్ట్రేషన్ కావాలి. విద్యార్థికి ఆ హక్కు అసలే లేదు. చూడవచ్చు, నేర్చుకోవచ్చు, ఇక్కడి డాక్టరు లేదా నర్సు కళ్ళముందు సహాయం చేయవచ్చు. వేల్లూరు సీఎంసీకి ఇతర దేశాల విద్యార్థులు ఎన్నో ఏళ్ళుగా వస్తున్నారు, అది నేర్పే సంస్థ కాబట్టి. మన మందిరానికి అలాంటి ఏర్పాటు ఎక్కడిది?

ఇక సమ్మతి. ఇది మనకు కొంచెం చేదుగా ఉంటుంది. మందిరంలో పాస్టరుగారు తలుపు దగ్గర నిలబడి, "రండమ్మా, దేవుడు పంపిన బిడ్డలు" అని పిలుస్తుంటే, నాకు సూది వద్దు అనే ధైర్యం ఏ కూలి తల్లికి ఉంటుంది? ఫోటో వద్దు అని ఎవరు అంటారు?

మన పిల్లల సంగతి కూడా పక్కన పెట్టి చూడాలి. సింధనూరు రైతుబిడ్డ అప్పు చేసి విదేశంలో ఎంబీబీఎస్ చదువుతుంటే, 2021లో జాతీయ మెడికల్ కమిషన్ తెచ్చిన నియమాల ప్రకారం 54 నెలల చదువు, 12 నెలల ఇంటర్న్‌షిప్ ఆ విదేశీ సంస్థలోనే పూర్తిచేయాలి. ఆ శిక్షణలో ఏ భాగమూ భారతదేశంలో చేయకూడదు. తిరిగి వచ్చాక ఇక్కడ మరో ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ నియమానికి కారణాలు ఉన్నాయి, కాదనం. కానీ సొంత తాలూకా ఆస్పత్రిలో గడిపిన నాలుగు వారాలు మన బిడ్డకు లెక్కలోకి రావు. సముద్రం దాటి వచ్చిన బిడ్డకు అవే నాలుగు వారాలు చదువులో భాగమై మార్కులు తెస్తాయి. మన పేదల శరీరం ఎవరికి పాఠశాల అవుతోందో ఇక్కడ తెలుస్తుంది.

ఇక్కడ ఎంబీబీఎస్ చదివేవాళ్ళకు కమిషన్ కుటుంబ దత్తత కార్యక్రమం పెట్టింది. ఒక్కో విద్యార్థి పల్లెలో కొన్ని కుటుంబాలను తీసుకొని, చదువు సాగే కొద్దీ మళ్ళీ మళ్ళీ ఆ ఇళ్ళకే వెళ్ళాలి. కాగితం మీద ఉన్నంత బాగా అన్నిచోట్లా నడుస్తుందని అనను. కానీ ఆలోచన సరైనది. వచ్చే విదేశీ బృందాన్ని ఈ విద్యార్థులతో జత చేస్తే, వాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఆ ఇంటి తలుపు తట్టే మనిషి ఉంటాడు.

మనం గొప్పగా చెప్పుకునే పాత కథలు కూడా ఇదే అంటాయి. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. ఆస్పత్రి తెరిచింది 1898లో. 1930లో అక్కడే కన్నుమూశారు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి 2009లో చనిపోయేదాకా ఉన్నారు. మిషనరీల పద్ధతుల్లో పెత్తనం ఉండేది, దాని మీద విమర్శ జరగాల్సిందే. అయినా నిలిచి ఉన్నారు. లూకా 10వ అధ్యాయంలోని సమరయుడు గాయాలు కట్టడంతో ఆగలేదు. పూటకూళ్ళవానికి డబ్బు ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. మన ప్రసంగాల్లో నూనె, ద్రాక్షారసం దగ్గరే ఆగిపోతాం, ఆ పూటకూళ్ళవాడి దాకా రాం.

ఇక్కడ ఆ పూటకూళ్ళవాడు ఆశా కార్యకర్త. 2025 జనవరిలో బెంగళూరు ఫ్రీడం పార్కులో నెలకు 15,000 రూపాయలు ఇవ్వాలని ఆశాలు చలిలో కూర్చుంటే, కనీసం 10,000కు హామీ దొరికింది. విదేశీ విద్యార్థులకు ఇంటి దారి చూపేదీ, మాట తిప్పి చెప్పేదీ, వాళ్ళకు తెలియకుండానే పాఠం చెప్పేదీ ఆమే. ఆ బృందం కట్టే ఫీజులో ఆమెకు ఒక్క రూపాయి రాదు.

అందుకే ఈసారి ఉత్తరం వచ్చిన సంఘాలకు మా మనవి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ఒప్పుకోకుండా శిబిరం పెట్టకండి. పేర్లు, అంకెలు ఉన్న రిజిస్టరు సాయంత్రానికి ఆశా, నర్సమ్మల చేతికి రావాలి. చీటీ కన్నడంలోనో తెలుగులోనో రాయాలి, చదివి వినిపించాలి. ఆశాకు రోజు కూలి బృందమే ఇవ్వాలి. మందిరంలో కాక అంగన్‌వాడీలోనో పంచాయతీ కట్టడంలోనో పెడితే వద్దనడం జనానికి కొంత తేలిక. ఈ షరతులకు ఒప్పుకోని బృందానికి మర్యాదగా భోజనం పెట్టి, కోట చూపించి పంపవచ్చు.

అవ్వను ఆశా కార్యకర్త వెంటబెట్టుకొని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళింది. ఆ వారం నుంచి మాత్ర వేసుకుంటోంది. ఆ రోజు అలాంటి చీటీలు ఎందరికి రాశారో జాబితా పంపమని ఆ విశ్వవిద్యాలయానికి మెయిల్ పెట్టాం. ఇంకా జవాబు రాలేదు.