తప్పు జవాబుల వెనుక

1920 ప్రాంతంలో పారిస్‌లో పిల్లలకు తెలివి పరీక్షలు పెడుతున్న జాఁ పియాజేను సరైన జవాబులకన్నా తప్పు జవాబులే ఎక్కువగా ఆకట్టుకున్నాయి. తర్వాత ఆయన ఆడించిన ఓ ఆట ఇది: రెండు వరుసల్లో సమానంగా బిళ్లలు పేర్చి, పిల్ల చూస్తుండగానే ఒక వరుసను ఎడంగా జరిపి, ‘ఎందులో ఎక్కువున్నాయి?’ అని మళ్లీ అడిగితే నాలుగైదేళ్లవాళ్లు పొడుగు వరుసనే చూపిస్తారు. సంఖ్య మారదన్న ఊహ వాళ్లకింకా కుదరలేదన్నాడాయన.

1974లో మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ అనే పరిశోధకులు అదే ఆట ఆడించారు. కాకపోతే, వరుసను చెదరగొట్టింది ఓ అల్లరి ఎలుగుబొమ్మ. ఈసారి చాలామంది సరిగ్గానే చెప్పారు! పెద్దవాళ్లు పనిగట్టుకుని జరిపి, అడిగిందే మళ్లీ అడిగితే ఏదో మారిందనే అనుకోరూ? (మన బడుల్లో ‘మళ్లీ చెప్పు’ అనగానే జవాబు మార్చేసే పిల్లలెందరో.) పిల్లల ఆలోచన ఎదుగుదలకు పియాజే చెప్పిన దశలన్నీ కొట్టుకుపోయాయని కాదు. ఈ సంచిక వ్యాసాల్లో రెండు వాదాలూ ఉన్నాయి. నా మొగ్గు మాత్రం ఎలుగుబొమ్మ వైపే.

— సంపాదకుడు