గుజిరీ బండికి గుర్తింపు ఎప్పుడు?

పేదరికం పోవాలంటే పరిశ్రమలు రావాలి, పరిశ్రమలు వస్తే గాలీ నీరూ చెడతాయి, కనుక వర్ధమాన దేశాలు రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవాలన్న వాదన చాలాకాలంగా వింటున్నాం. ఈ వాదన చేసేవారు తమ వీధిలో తిరిగే గుజిరీ బండిని ఒక్కసారి గమనిస్తే బాగుండును.

పాత ఇనుము, ప్లాస్టిక్, అట్టపెట్టెలు, పనిచేయని ఫ్యాన్లు కొనుక్కుపోయే ఆ మనిషి చెత్తకుప్పకు చేరవలసిన సరుకును తిరిగి కర్మాగారానికి చేరుస్తున్నాడు. పాత అల్యూమినియాన్ని కరిగించి వాడుకుంటే, ఖనిజం నుండి కొత్తగా తీయడానికి పట్టే విద్యుత్తులో దాదాపు 95 శాతం ఆదా అవుతుంది. ఇది పర్యావరణ సేవ కాదా? ఈ పనిలో ముస్లింలు, దళితులు ఎక్కువగా కనిపిస్తారు. భూమి లేక, నెలజీతం దొరకక స్వయం ఉపాధిపై ఆధారపడిన ముస్లింలు ఎందరో 2006లో సచార్ కమిటీ చూపనే చూపింది.

నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఇటువంటి దుకాణాలపై ఫిర్యాదులు తరచూ వచ్చేవి. దుర్గంధం, రాకపోకలకు అంతరాయం. ఖాళీ చేయాలన్న నోటీసు ముసాయిదా నేనే రాసేవాణ్ణి. ఖాళీ చేసి ఎక్కడికి వెళ్ళాలో అందులో ఒక్క వాక్యమూ ఉండేది కాదు. ఆ వాక్యం చేర్చమని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఫిర్యాదులన్నీ అబద్ధాలని నేననను. రాగి కోసం తీగలు కాల్చితే విషవాయువులు వెలువడతాయి. బ్యాటరీలు పగలగొట్టి ఇంటి పెరట్లో సీసం కరిగిస్తే ఆ ధూళి మొదట దెబ్బతీసేది ఆ ఇంటి పిల్లల మెదడునే. మన బస్తీల్లో జరిగే ఈ తప్పును పేదరికం పేరుతో మనం కప్పిపుచ్చరాదు. అయితే ఆ పని మానాలంటే సరుకు తీసుకుని న్యాయమైన ధర ఇచ్చే చోటు ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల్లో తయారీదారులకు, ఉత్పత్తిదారులకు, పాత వస్తువులు బాగుచేసేవారికి, రీసైక్లింగ్ సంస్థలకు నమోదు ఉంది. వీధివీధీ తిరిగి సేకరించేవాడికి మాత్రం ఆ దరఖాస్తులో గడి లేదు.

ఇది అసాధ్యమైన పనేమీ కాదు. పుణే నగరంలో చెత్త ఏరే స్త్రీలు 'స్వచ్ఛ్' అనే సహకార సంఘంగా ఏర్పడి, 2008లో నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. నాడు కుప్పల్లో ఏరినవారు నేడు గుర్తింపు కార్డుతో గడపగడపకూ వెళ్తున్నారు, ఇంటివారు రుసుము చెల్లిస్తున్నారు. కొలంబియా రాజధాని బొగొటాలో సేకరణదారులు రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్ళి హక్కు సాధించుకున్నారు. 2013లో అక్కడి నగరపాలన వారు తెచ్చిన సరుకుకు తూకం ప్రకారం సేవా రుసుము చెల్లించడం మొదలుపెట్టింది. ఇక్కడ కూడా కేంద్ర ప్రభుత్వపు 'నమస్తే' పథకంలో 2024లో చెత్త ఏరేవారిని చేర్చారు. వారి వివరాలు నమోదైతేనే ఆరోగ్య బీమా వంటివి అందుతాయి.

ఆ నమోదు కోసం మా పట్టణంలో కొందరం కలిసి ఇంటింటికీ తిరిగి పేర్లు రాస్తున్నాము. వృత్తి అన్న గడి దగ్గరకు రాగానే చాలామంది 'కూలి అని రాయండి సాబ్' అంటున్నారు. అసలు పని చెబితే రేపు బండి పట్టుకుపోతారేమోనని వారి భయం. నాడు నోటీసులు రాసిన ఈ చేతికి ఆ భయాన్ని కాదనే ధైర్యం లేదు. మున్సిపల్ కమిషనర్ సంతకంతో కార్డు వచ్చేదాకా ఆ గడిని పెన్సిల్‌తోనే నింపుతున్నాము.