తిరగేసి చూడని పెంకు

బెంగుళూరు బసవనగుడిలోనో మల్లేశ్వరంలోనో పాత ఇల్లు కూలుతుంటే ఒక్కసారి నిలబడి చూడండి. టేకు తలుపులకు అక్కడికక్కడే బేరం కుదురుతుంది. కిటికీ ఊచలు కాటాకెక్కుతాయి. పెంకుల్ని మాత్రం పైనుంచి విసిరేస్తారు. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు గుండె కలుక్కుమంటుంది.

పగిలిన ముక్కనొకటి తిరగేయండి. లోపలివైపు ఉబ్బెత్తు అక్షరాలు కనిపిస్తాయి: బాసెల్ మిషన్ టైల్ వర్క్స్, మంగళూరు, 1865. మనవైపు చాలామంది వీటిని బెంగుళూరు పెంకులనే పిలిచారు గానీ, వీటి పుట్టిల్లు మంగళూరులోని జెప్పు. ఫ్రాన్సులో జిలార్డోనీ సోదరులు కనిపెట్టిన, ఒకదానికొకటి తగులుకునే పెంకు పద్ధతిని క్రైస్తవ ప్రచార సంస్థ బాసెల్ మిషన్ మనిషి జార్జ్ ప్లెబ్స్ట్ నేత్రావతి తీరపు బంకమట్టికి తెచ్చాడు. గూన పెంకుల్ని ఏటా వానల ముందు సర్దించుకునే బాధ అలా తప్పింది. 1898లో ప్లేగు తరిమితే బెంగుళూరు కొత్త పేటల్లోకి పాకింది. ఆ పేటల్లో ఎన్ని ఇళ్లు ఈ ఎర్రటి కప్పు కింద నిద్రపోయాయో! ఆ కప్పుకి ఇంత అవమానమా?

రోములో ఇలాంటి ముద్రలకు ఏం జరిగిందో తెలుసా? పాంథియన్ ఆలయం నుదుటి మీద అగ్రిప్ప పేరు చెక్కి ఉంది. దాన్ని కట్టింది అతనేనని లోకం శతాబ్దాలపాటు నమ్మింది. 1892లో ఫ్రెంచి వాస్తుశిల్పి షెదాన్ గోడల్లోని ఇటుకల ముద్రలు పరిశీలిస్తే, ఆ కట్టడం అగ్రిప్ప తర్వాతి హేడ్రియన్ చక్రవర్తి కాలానిదని తేలింది. రాయి చెప్పిన మాటను మట్టి సరిదిద్దింది! బట్టీల యజమానురాలు, మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి తల్లి డొమీషియా లూసిల్లా పేరు ఇవాళ్టికీ ఇటుకల మీద చదువుకోవచ్చు. కొన్ని ముద్రల్లో బట్టీల్లో పనిచేసిన బానిసల పేర్లు సైతం ఉన్నాయి. అలాంటి ముద్రల్ని డ్రెసెల్ అనే పండితుడు 1891లో గ్రంథంగా కూర్చాడు.

మరి మన ముద్రల్ని చదివినవాడెవడు? పెంకు మీది 1865ను చూసి ఇల్లు అప్పటిదేనని మురిసిపోయేవాళ్లున్నారు. అది కర్మాగారం పుట్టిన ఏడాది, పెంకు కాలినది కాదు. అసలు ఆనవాలు పేరులో ఉంది. మొదటి ప్రపంచయుద్ధం వచ్చి మిషన్ ఆస్తులు సర్కారు వశమయ్యాక, కర్మాగారాలు కామన్‌వెల్త్ ట్రస్ట్ చేతికి వెళ్లాయి. ముద్రలో పేరు మారింది. ట్రస్ట్ పేరున్న పెంకు యుద్ధం తర్వాతిదే! దస్తావేజులు చెదలు తిన్న ఇంటికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఎవరిస్తారు? ఆ మట్టి పిసికిన ఆడవాళ్లు, మగవాళ్లు మనకు పేర్లు మిగల్చలేదు. వాళ్ల తరఫున మిగిలిన సంతకం ఆ ముద్ర ఒక్కటే. దాన్ని చూస్తూ చూస్తూ పిండి చేస్తున్నాం.

నగర పాలకులారా! కూల్చివేతకు అనుమతిచ్చేటప్పుడు చెట్టుకు లెక్క అడుగుతారు, రుసుముకు రసీదు ఇస్తారు. పెంకు ముద్రను ఫొటో తీసి జతపరచమని ఒక్క గడి చేర్చడానికి మీకేమిటి కష్టం? పురావస్తు శాఖవారూ! 1972 పురావస్తు చట్టం నూరేళ్లు దాటిన శాసనాన్నీ పనితనాన్నీ పురావస్తువంటుంది. అక్షరాలు మోస్తూ నూరేళ్లు ఎండా వానా భరించిన ఈ పెంకు మీ కంటికి చెత్తగా ఎలా ఆనింది? కూలీ ఖర్చు మీద నాలుగు పైసలు మిగులుతాయని లారీలకెత్తించే గుత్తేదారును నేను తప్పుపట్టను. చదువుకున్నవాళ్లం, ఊరి చరిత్ర మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లం, మనం ఏం చేస్తున్నాం?

మీ వీధిలో రేపు ఇల్లు కూలుతుంటే మేస్త్రీని అడిగి ఒక్క పెంకు తెచ్చుకోండి. ముద్ర ఫొటో తీసి, ఇంటి చిరునామా, తేదీ రాసి దాచండి.