ఖాళీ కుర్చీకా మనము వోటు వేసినది?

వకాల్తునామా యనగా నేమో కోర్టు గడప త్రొక్కిన ప్రతివానికిని తెలియును. కక్షిదారు దానిపై సంతకము చేయును. వకీలు దానిని స్వీకరించి దాఖలు చేయును. అది మొదలు ప్రతి వాయిదాకును హాజరై కక్షిదారు పక్షమున మాటాడవలసిన భారము వకీలుదే. ఎదుటిపక్షమువారు తన్ను పరిహసించిరనియో, న్యాయాధిపతి తాను కోరినంతసేపు మాటాడనీయలేదనియో చెప్పి యాతడు ఇంటియొద్ద కూరుచుండెనా, నష్టపడువాడు ఆతడు గాడు. వ్యాజ్యము ఏకపక్షముగా విచారింపబడును. డిక్రీ కక్షిదారు నెత్తిన బడును. ఫీజు మాత్రము వకీలు పెట్టెలో భద్రముగా నుండును. ఇట్టి వకీలును పట్టణములో నెవ్వరైనను గౌరవింతురా? రెండవ వ్యాజ్యము నాతనికి అప్పగింతురా?

శాసనసభ్యుడు మన వకీలు. వోటు మన వకాల్తునామా. ఈ మాటను కాదనువారు లేరు. కాని కోర్టు ఎగవేసిన వకీలును తిట్టు మనమే, సభ ఎగవేసిన సభ్యునికి పూలదండలు వేసి, అదియొక వీరవ్రతమని కీర్తించుచున్నాము. ఈ విపరీతమును గూర్చియే నేడు వ్రాయదలచితిమి.

జరిగిన సంగతులను వరుసగా చూతము. 2014లో 175 స్థానములుగల ఆంధ్రప్రదేశ్ శాసనసభకు వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమున 67 మంది ఎన్నికైరి. వారిలో 23 మంది ఆ సభాకాలములోనే అధికారపక్షమైన తెలుగుదేశములో చేరిరి. 2017 ఏప్రిలులో అట్లు చేరినవారిలో నలుగురు మంత్రులు గూడ నైరి. వీరిని అనర్హులుగా ప్రకటింపుమని పెట్టిన అర్జీలు తీర్పులేక పడియుండెను. అందుపై ప్రతిపక్షము 2017 చివరినుండి సభకు వచ్చుట మానెను.

2019లో జనము తక్కెడను త్రిప్పిరి. వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు 151 స్థానములు, తెలుగుదేశమునకు 23 వచ్చెను. 2021 నవంబరు 19వ తేదీన ప్రతిపక్షనాయకులైన చంద్రబాబునాయుడుగారు, తమ కుటుంబమును సభలో అవమానించిరని చెప్పి, ముఖ్యమంత్రిగా తప్ప మరల ఆ సభలో అడుగిడనని శపథము చేసి వెడలిపోయిరి. 2024లో తక్కెడ మరల దిరిగెను. తెలుగుదేశము, జనసేన, భారతీయజనతాపక్షముల కూటమికి 164, వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు 11. ఈమారు జగన్మోహనరెడ్డిగారు ప్రతిపక్షనాయక హోదాకై పట్టుబట్టిరి. 2025 ఫిబ్రవరిలో గవర్నరు ప్రసంగమునాడు ఆ పక్షమువారు వచ్చి, కొన్ని నిమిషములు నినాదములు చేసి, వెడలిపోయిరి. తక్కెడ ఎటు మొగ్గినను ఒక్కటి మాత్రము మాఱలేదు: ఓడినపక్షపు కుర్చీలు ఖాళీ.

"బహిష్కారము గాంధీమహాత్ముడు నేర్పిన ఆయుధము గాదా?" యని ఇరుపక్షముల అభిమానులును అడుగుదురు. నేర్పినమాట నిజమే. ఎట్లు నేర్పెనో గూడ జ్ఞాపకము చేసికొనవలెను. 1920లో కాంగ్రెసు శాసనమండలులను బహిష్కరించినపుడు, ఆ మాటకు కట్టుబడినవారు ఎన్నికలకే నిలువలేదు. వోటు అడుగలేదు, ప్రమాణము చేయలేదు, భత్యము పుచ్చుకొనలేదు. పరప్రభుత్వ మిచ్చిన మండలులలో పసలేదని ముందే చాటి వెలుపల నిలిచిరి. 1939లో మన యనుమతి లేకయే దేశమును యుద్ధములోనికి ఈడ్చినపుడు, మదరాసుతోబాటు ఇతర రాష్ట్రములలోని కాంగ్రెసు మంత్రులును పదవులను విడిచిరి. పదవిలో నుండియే కచేరీకి పోవుట మానలేదు. త్యాగమనగా విడుచుట. కుర్చీని తన పేరనే యుంచుకొని, జీతమును తన పేరనే వ్రాయించుకొని, పనిని మాత్రము విడుచుట ఏ శాస్త్రమునందును త్యాగము గాదు.

పైగా నాటి సభ యెవరిది, నేటి సభ యెవరిది? 1937లో మదరాసు దిగువసభకు ఎన్నికలు జరిగినపుడు పన్ను గట్టువారికిని, ఆస్తిగలవారికిని, అక్షరజ్ఞానము గలవారికిని వోటుండెను; కూలివానికి లేదు. 1942 ఆగస్టు 12వ తేదీన తెనాలిలో పోలీసు తుపాకులకు ఏడుగురు బలియైరి. రణరంగచౌక్ మీదుగా నిత్యము నడచిపోవు మనము వారు దేనికొఱకు పడిపోయిరో అప్పుడప్పుడైనను ఆలోచింపవలెను. మన పాలన మనచేతిలో నుండవలెనని పడిపోయిరి. దాని ఫలముగా 1952నాటి ఎన్నికలలో ఇరువదియొక్క యేండ్లు నిండిన ప్రతి స్త్రీకిని ప్రతి పురుషునికిని వోటు లభించెను. అట్టి వోటుతో నిండిన కుర్చీని బూజుపట్టనిచ్చుట, ఎవ్వరిమీద కోపము చేతనైనను, చిన్న తప్పుగాదు.

ఒక్క కుర్చీ విలువ యెంతయో తెలిసికొన గోరువారు 1954 నవంబరు మాసమును తలచుకొనవలెను. కర్నూలులో 140 మంది సభ్యులుగల ఆంధ్రరాష్ట్ర శాసనసభలో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము అవిశ్వాసతీర్మానమునకు ఒక్క వోటు తేడాతో పడిపోయెను. ఆంధ్రకేసరియంతవాని ప్రభుత్వమును నిలుపుటకును పడగొట్టుటకును ఒక్క కుర్చీ చాలెను.

ఖాళీ కుర్చీ చేయు చేటెంతయో తెలిసికొన గోరువారు 2020 జనవరి 27వ తేదీని చూడవలెను. ఆనాడు శాసనమండలిని రద్దుచేయవలెనని శాసనసభ తీర్మానించెను. అనుకూలముగా 133 వోట్లు. ప్రతికూలముగా ఒక్కటియు లేదు. తెలుగుదేశమువారు ఆనాడు సభకు రాలేదు. ఒక సభ యుండవలెనా ఊడవలెనా యనునంతటి విషయమున, కాదని వోటు వేసిన చేయి ఒక్కటియు లేకపోయెను. ఇరువదిరెండు మాసములు తిరుగునప్పటికి, 2021 నవంబరు 23న, అదే సభ ఆ తీర్మానమును వెనుకకు దీసికొనెను. తప్పు తప్పని ముందే చెప్పువాడు లేనిచోట నిర్ణయములు ఇట్లే వచ్చును, ఇట్లే పోవును. ఏకపక్షపు డిక్రీ యనగా నిదియే.

ఇక హోదా వాదమును చూతము. 1994లో 294 మంది సభలో 26 మందియే గెలిచిన కాంగ్రెసునకు ప్రతిపక్షనాయక హోదా దక్కెనుగదా, మాకేల దక్కదని యడుగుట న్యాయమైన ప్రశ్నయే. అందులో పసలేదని మేమనము. ఆ వాదము ఉన్నతన్యాయస్థానమునకు గూడ పోయినది. కాని వకీలునకును కక్షిదారునకును సంబంధింపని కుర్చీతగవు ఒకటి నడుచుచున్నదని వ్యాజ్యమే విడువవచ్చునా? 1984 డిసెంబరు ఎన్నికలలో తెలుగుదేశము 30 స్థానములతో లోకసభలో అతిపెద్ద ప్రతిపక్షమైనది. అధికారికముగా ప్రతిపక్షనాయక హోదా దానికి రాలేదు. అయినను ఆ తెలుగువారు అయిదేండ్లు సభలో కూరుచుండి మాటాడిరి. మన గుంటూరు సీమలోనే సత్తెనపల్లినుండి నాలుగుమారు లెన్నికైన వావిలాల గోపాలకృష్ణయ్యగారికి ఏ హోదా యుండెను? నోరు, నోటిలో నిజము, చేతిలో కాగితములు — ఇంతే. పదునొకండుగురు ప్రతిదినమును లేచి ఒక్కొక్క ప్రశ్న అడిగినచో, హోదా యిచ్చినను ఈయకున్నను రాష్ట్రము వినక తప్పునా?

అవమానించిరందురా? సభలో స్త్రీలను గూర్చి, కుటుంబములను గూర్చి నోరు పారవేసికొనువారు మిక్కిలి నింద్యులు. వారిని మందలింపని సభాపతియు నింద్యుడే. కాని అవమానమునకు ప్రతిక్రియ అవమానించినవానికి సభను వదలిపెట్టిపోవుటగాదు. దొంగ యింట జొరబడెనని యింటివాడే తలుపుతీసి వెడలిపోవునా?

అధికారపక్షములను మేము వదలుటలేదు. పక్షము మార్చినవారిమీది అర్జీలను తీర్పులేక నానబెట్టినది నాటి అధికారపక్షపు సభాపతియే. 1985లో రాజ్యాంగమునకు పదియవ షెడ్యూలు చేర్చినది గోడదూకువారిని ఆపుటకు. ఆ షెడ్యూలు తాళపుచెవిని సభాపతికి ఇచ్చిరి. ఆ చెవి ఆయన జేబులోనే యుండిపోవుచున్నది. ఇట్టి అర్జీలను సాధారణముగా మూడు మాసములలో తేల్చవలెనని 2020లో సుప్రీంకోర్టు చెప్పెను. 2025 జూలైలో తెలంగాణ సభాపతికిని మూడు మాసముల గడువు పెట్టెను. న్యాయస్థానము గడియారము చూపవలసిన గతి శాసనసభకు పట్టుట సిగ్గుచేటు. ప్రతిపక్షము పాఱిపోవుట తప్పు. పాఱిపోవునట్లు చేసి లోలోన సంతోషించుట అంతకన్న తక్కువ తప్పు గాదు.

చట్టము మనలను కాపాడునా? 190వ అధికరణము నాల్గవ ఖండము ప్రకారము, సభ అనుమతి లేక అరువది దినములు రాని సభ్యుని స్థానమును ఖాళీయైనట్లు సభ ప్రకటింపవచ్చును. 'ప్రకటింపవలెను' అనలేదు, 'వచ్చును' అనిరి. సభ ముగిసియున్న కాలమును, వరుసగా నాలుగు దినములకు మించి వాయిదాపడియున్న కాలమును లెక్కలోనికి రావు. ఏటికి కొద్దిదినములే కూడు సభలో అరువది దినములు నిండు టెన్నడు? పాఠకులకు ఇక స్పష్టమైయుండును: ఈ తాళమునకు చెవి చట్టములో లేదు, మనచేతిలో నున్నది.

"మా ముగ్గురు సభ్యులును సభకు పోవుచునేయున్నారుగదా, ఈ తగవు మాకేల?" యని తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణవాసులు అడుగవచ్చును. 2024లో తెనాలినుండి జనసేనవారైన నాదెండ్ల మనోహరుగారు, బాపట్లనుండి వేగేశన నరేంద్రవర్మగారు, రేపల్లెనుండి అనగాని సత్యప్రసాదుగారు — ఈ యిరువురును తెలుగుదేశమువారు — ఎన్నికైరి. మనోహరుగారును సత్యప్రసాదుగారును ఆ జూనులోనే మంత్రులైరి. మన సీమకు గౌరవమే. కాని మంత్రి ప్రశ్న వేయడు. ప్రశ్నకు బదులు చెప్పును. మూడవవారును అధికారపక్షమువారే. మఱి మన ముఱుగుకాలువల సంగతి నిలవేసి యడుగువా రెవ్వరు?

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్లచెంతనే తీరము దాటెను, వరిపైరు నీటిపాలయ్యెను. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీనుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చి లంకగ్రామములను ముంచెను. పడమటి డెల్టా చివరి భూములకు నీరందుట, తుపానునాటి పరిహారము, కృష్ణ కరకట్టల బలము — ఇవి బహిరంగసభలలో కేకలు వేసిన తేలు సంగతులు గావు. శాసనసభలో ప్రశ్న అడుగవలెను. మంత్రి సమాధానము చెప్పవలెను. అది ముద్రిత దస్తావేజు కావలెను. రేపు రైతు ఆ కాగితమును చేతబట్టుకొని అధికారిముందు నిలువవచ్చును. ఎదుటి బల్లలు ఖాళీయైనచో ఆ కాగితము పుట్టదు. కడప సభ్యుడో కర్నూలు సభ్యుడో సభకు రాకపోయిన రేపల్లె రైతుకు నష్టమేల యనువారికి ఇదియే సమాధానము.

ఈ సీమకు మఱొక బాధ్యతయు గలదు. బాపట్లవారు పంపిన కోన ప్రభాకరరావుగారు 1981లో సభాపతిగా నుండిరి. వారి కుమారులు కోన రఘుపతిగారు 2019 మొదలు 2022 వఱకు ఉపసభాపతిగా నుండిరి. తెనాలి మనోహరుగారు 2011 మొదలు 2014 వఱకు ఉమ్మడి రాష్ట్రపు సభాపతిగా నుండిరి. సభాపీఠమునకు ఇందఱిని పంపిన ఊళ్లవారు సభామర్యాదను గూర్చి అడుగకున్న మఱి యే ఊరివా రడుగుదురు? 2024 మే 13న తెనాలి పోలింగు కేంద్రములో నాటి సభ్యుడు వరుస దప్పి ముందుకు పోవుటయు, ఆక్షేపించిన వోటరుపై చేయి చేసికొనుటయు, వోటరు తిరిగి కొట్టుటయు దేశమంతయు చూచినది. ఆ దెబ్బలు రెండును మనకు అవమానకరమే. వోటరు ప్రశ్నకు చోటు ఆ వరుసలోని ఒక్కక్షణము గాదు, అయిదేండ్ల కాలము.

కావున గ్రంథాలయములలోను, పఠనమందిరములలోను కూడు సోదరులకు మా మనవి యిది. ప్రతి పఠనమందిరములోను ఒక పుస్తకము పెట్టుడు. శాసనసభ కూడిన దినములను ఒక వరుసలోను, మన సభ్యులు అడిగిన ప్రశ్నలను, మన మంత్రులు చెప్పిన బదులులను మఱొక వరుసలోను, ప్రతిపక్షపు బల్లలు నిండినవో ఖాళీయైనవో మూడవ వరుసలోను వ్రాయుడు. సభ ముగిసినపిదప సభ్యుని పిలిచి ఆ పుస్తకము ముందు పెట్టుడు. రేపటి ఎన్నికలలో ఏ పక్షపు అభ్యర్థి గడపకు వచ్చినను మొదట ఒక్క ప్రశ్న అడుగుడు: "ఓడినపక్షములో గూరుచుండవలసివచ్చినను సభకు పోయెదవా? పోనిచో రాజీనామా యిచ్చెదవా?" సూటిగా బదులు చెప్పనివానికి వోటు వేయకుడు, వాడు మన కులమువాడైనను సరే, మన పక్షమువాడైనను సరే.

మదరాసు, కర్నూలు, హైదరాబాదు తిరిగితిరిగి మన శాసనసభ 2017లో వెలగపూడికి చేరినది. తెనాలినుండి పూటప్రయాణము. ఇంత చేరువకు వచ్చిన సభ మనకు దూరమగుచున్నదనిన తప్పు దారిది గాదు. హాజరుగాని వకీలును మార్చుటకు కక్షిదారునకు హక్కు గలదు. ఆ హక్కు మనకును గలదని సభ్యులకు తెలియజేయుదము.